పండుగ పోయింది, దారం చెట్టుమీదే ఉంది

కనుమ మర్నాటికి హైదరాబాద్ డాబాల మీద పతంగి తెగినప్పుడల్లా వేసే ‘అఫా’ కేకలు ఆగిపోయాయి. దారం చుట్టే చరఖాలు అటకెక్కాయి. తెగిన మాంజా దారం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. వేపచెట్ల చిటారు కొమ్మల్లో, సెల్ టవర్ల మీద, వీధి దీపాల స్తంభాలకూ కరెంటు తీగలకూ మధ్య గాలికి ఊగుతోంది. పండుగ మూడు రోజులూ గాయపడ్డ పక్షుల ఫొటోలు పత్రికలన్నీ వేస్తాయి, మేమూ వేస్తాం. ఆ తర్వాత నెల రోజులపాటు ఒక్కొక్కటిగా తలకిందులుగా వేలాడే పక్షుల సంగతి ఎవరికీ పట్టదు. వాటిని దించేందుకు రోజూ దోటి భుజాన వేసుకుని తిరిగే కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలకే ఆ లెక్క తెలుస్తుంది.

ఎక్కువగా చిక్కేవాటిలో గద్ద ఒకటి. పతంగి ఎగిరే ఎత్తులోనే అదీ గిరికీలు కొడుతుంది. పైగా జనవరి దానికి గూడు కట్టి గుడ్లు పెట్టే కాలం. పుల్లలతోపాటు గుడ్డపీలికలు, ప్లాస్టిక్ ముక్కలు గూటికి మోసుకెళ్లే అలవాటు దానిది. ఆ చెత్తలో దారం కూడా చేరితే పిల్లల కాళ్లకు చుట్టుకుంటుంది. మసక చీకట్లో ఎగిరే పైడికంట్లు, గుడ్లగూబలు, గబ్బిలాలు కూడా బాగానే చిక్కుతాయి. రెక్కకున్న పట్టు చాలక పావురం చాలాసార్లు అక్కడికక్కడే చనిపోతుంది. గద్ద బలమైనది కాబట్టి గింజుకుంటుంది, ఆ గింజుకోవడమే దాని ప్రాణం మీదికి వస్తుంది.

నూలు దారానికి గంజిలో కలిపిన గాజుపొడి పట్టించే పాత మాంజా కూడా కోస్తుంది. అయితే అది బరువు పడితే తెగుతుంది, రెండు వానలకు చివికిపోతుంది. నైలాన్ మాంజా తెగదు, చివకదు. దీనికి చైనా మాంజా అని పేరేగానీ చాలావరకు మన దేశంలోనే తయారవుతోంది. పక్షి విడిపించుకోబోయిన ప్రతిసారీ అది రంపంలా మరికొంచెం లోపలికి దిగుతుంది. గాయం సాధారణంగా రెక్క ముందంచున, భుజం నుంచి మణికట్టు దాకా తెరచాపలా సాగే పలుచని చర్మం మీద పడుతుంది. ఆ అంచులో తీగలాంటి ఒక స్నాయువు ఉంటుంది, రెక్కను బిగువుగా చాచి ఉంచేది అదే. అది తెగితే ఎముక చెక్కుచెదరకపోయినా పక్షి ఎగరలేదు. తెగకున్నా, గంటల తరబడి ఎండకూ గాలికీ బయటపడి ఉంటే ఎండి చచ్చుబడుతుంది. ఉదయం చూసిన పక్షిని సాయంత్రం దించితే సరిపోదని కార్యకర్తలు మొత్తుకునేది ఇందుకే.

దించడంలోనూ ఓ పద్ధతుంది. కిందినుంచి దారం పట్టి లాగకూడదు. లాగితే కొమ్మ వదలదు, రెక్క తెగుతుంది. దోటి చివర వంపు కత్తి కట్టి, ముందు పక్షి కింద నలుగురు దుప్పటి పట్టి నిలబడ్డాకే పైదారం కోయాలి. కరెంటు తీగలు దగ్గరుంటే ఇనుము, అల్యూమినియం దోటీలు వాడరాదు. పొడి ఫైబర్ గొట్టమైనా సరే, విద్యుత్ సిబ్బంది ఎల్‌సీ (లైన్ క్లియర్ అనుమతి) తీసుకుని లైను ఆపేదాకా ఎవరూ చేయి పెట్టకూడదు. పక్షి చేతికందాక దారాన్ని గాయానికి రెండువైపులా జానెడు వదిలి కత్తిరించాలి. కండలో దిగినదాన్ని పీకేయకూడదు, అది వైద్యుడి బల్ల మీద జరగాల్సిన పని. తల మీద తువ్వాలు కప్పితే గద్ద నెమ్మదిస్తుంది. భయపడాల్సింది ముక్కుకన్నా గోళ్లకు, అందుకే ముందుగా రెండు కాళ్లూ కలిపి పట్టుకోవాలి. ఛాతీని మాత్రం బిగించి పట్టుకోకూడదు. పక్షికి మనలా ఊపిరి ఆడించే ఉదరవితానం (డయాఫ్రమ్) లేదు, రొమ్మెముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది.

ఆ తర్వాత కావలసింది పక్షికన్నా కొంచెం పెద్ద అట్టపెట్టె, పక్కల్లో పెన్సిలంత రంధ్రాలు, అడుగున గోళ్లకు పట్టు దొరికే పాత తువ్వాలు. ఇనుప పంజరంలో పెడితే ఊచలకు కొట్టుకుని ఈకలు విరుగుతాయి. పెట్టె మూసి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్నచోట ఉంచాలి. ఫొటో కోసం పదిసార్లు తెరిస్తే పక్షి గుండె ఆగవచ్చు. జాలిపడి జనం చేసే పనులే సగం కేసుల్ని చెడగొడుతున్నాయి. నోరు తెరిచి నీళ్లు పోస్తారు. పక్షికి శ్వాసనాళం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు పోస్తారు, అవి దానికి అరగవు. గాయానికి పసుపు మెత్తుతారు, దాంతో లోతు ఎంతో వైద్యుడికి కనబడదు. కొబ్బరినూనె రాస్తారు, ఈకలు అతుక్కుని చలిని ఆపే శక్తి పోగొట్టుకుంటాయి. రోజుల తరబడి వేలాడిన గద్దకు వెంటనే మాంసం పెట్టడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. నీరు ఇంకిపోయిన ఒంట్లో ఆ తిండి అరగక ప్రాణం తీస్తుంది.

ముందు ద్రవాలు ఎక్కించాలి. పక్షి శరీరానికి మామూలుగా రోజుకు కావలసింది కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు. ముప్పావు కిలో గద్దకు 40కి కాస్త తక్కువ. వేలాడిన రోజుల లోటు దీనికి అదనం. రింగర్ లాక్టేట్ అనే సెలైన్‌ను ఒంటివేడికి తగ్గట్టు వెచ్చబెట్టి, తొడ పొట్టను కలిసే చోట చర్మం కింద విడతలవారీగా ఇస్తారు. నొప్పికి పక్షివైద్యులు ఎంచుకునేది మెలోక్సికామ్. ఇంట్లో ఉన్న నొప్పిమాత్ర ముక్క చేసి పెట్టడం ఎంత ప్రమాదమో రాబందుల కథ చెబుతుంది. పశువుల కళేబరాల ద్వారా వాటి ఒంట్లోకి చేరి దాదాపు తుడిచిపెట్టిన నొప్పిమందు డైక్లోఫెనాక్‌ను పశువైద్యంలో 2006లోనే నిషేధించారు. రెక్కకు ఎనిమిది అంకె ఆకారంలో కట్టే కట్టు కూడా అలా వదిలేసేది కాదు. వారాల తరబడి విప్పకపోతే ఆ ముందంచు చర్మం ముడుచుకుపోతుంది, మోచేయి బిగుసుకుంటుంది. రోజు విడిచి రోజో, వైద్యుడు చెప్పిన లెక్కనో కట్టు విప్పి, మత్తులో ఉంచి రెక్క చాచి మూయించాలి.

కాపాడటం అంటే చెట్టునుంచి దించడం అనే అందరూ అనుకుంటారు. అసలు పని అక్కడ మొదలవుతుంది, డబ్బూ చోటూ లేక ఆగిపోతున్నదీ అక్కడే. కుట్లు మానిన గద్దను సిమెంటు నేల మీద ఉంచితే అరికాళ్లకు పుండ్లు పడతాయి. దానికి జనపతాడు చుట్టిన, రకరకాల మందాల కర్రలు కావాలి. కోడి మెష్‌తో కట్టిన గదిలో ఈకల చివర్లు చీలిపోతాయి కాబట్టి గోడలు నిలువు వెదురు బద్దలతో ఉండాలి. తోక ఈకలు విరిగితే కొత్తవి రావడానికి ఏడాది పట్టవచ్చు. చనిపోయిన గద్ద ఈకను సన్నటి వెదురు పుల్లతో, జిగురుతో అతికించే నేర్పు ఉన్నవాళ్లు ఆ ఏడాదిని ఆదా చేస్తారు. ఉత్త చికెన్ ముక్కలే పెట్టి పెంచిన పిల్లకు సున్నం చాలక ఎముకలు వంగిపోతాయి, ఎముకతో సహా తినిపించాలి. చేత్తో పెంచిన పిల్ల మనిషిని చూసి తిండికోసం వాలుతుంది, అది ఊళ్లో బతకదు. అందుకే కింద దొరికిన పిల్లకు గాయం లేకుంటే బుట్టలో పెట్టి అదే చెట్టుకు కట్టడమే మేలు. మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరకు రానివ్వదన్నది ఉత్తమాట.

వదిలే ముందు అది ఎగిరి చూపించాలి. మా లెక్కన కనీసం 50 అడుగుల పొడవు, పదడుగుల వెడల్పున్న ఎగిరే పంజరం లేనిదే గద్ద కోలుకుందని ఎవరూ చెప్పలేరు. ఈ చివరినుంచి ఆ చివరికి పలుసార్లు తిరిగి, నోరు తెరిచి రొప్పకుండా ఎత్తున ఉన్న కర్రమీద వాలితేనే సిద్ధమైనట్టు. నాలుగడుగుల గదిలో రెక్కలు ఆడించిందని వదిలేస్తే మూడోనాడు కాకులు పొడుస్తుండగా దొరుకుతుంది. వదిలేది దొరికిన చోటే, ఉదయం పూట, గాలిపటాల కాలం దాటాక. స్నాయువు ఎండిపోయి ఎముక నల్లబడ్డ పక్షి విషయంలో మాత్రం ఇంకో మాట చెప్పాలి. దానికి కారుణ్య మరణమే దయ అని అనుభవజ్ఞులైన వైద్యులకు తెలుసు. ఆ మాట అనలేక జీవితాంతం డబ్బాలో పెట్టుకోవడం వల్ల కోలుకోగలవాటికి చోటు లేకుండా పోతోంది.

చట్టం సంగతికి వస్తే, తెలంగాణ ప్రభుత్వం నైలాన్, సింథటిక్ మాంజాను 2016 జనవరిలోనే నిషేధించింది. 2017 జులై 11న జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. అయినా 2024 సంక్రాంతి ముందు లంగర్‌హౌస్ ఫ్లైఓవర్ మీద బైకుపై వెళ్తున్న సైనికుడి గొంతు తెగింది. దాడులు పండుగ వారంలో చేస్తే దొరికేది దుకాణంలో మిగిలిన చరఖాలే, గోదాముల మీద అక్టోబరులో చేయాలి. కార్యకర్తలకూ చట్టం ఓ బాధ్యత పెట్టింది. వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి, చేతికొచ్చిన 48 గంటల్లో పోలీసులకో అధీకృత అధికారికో తెలపాలి. తెలిపాక ఆ శాఖ ఏం చేస్తుందన్నదే మా ప్రశ్న. గుజరాత్‌లో 2017నుంచి ఏటా జనవరి 10–20 మధ్య కరుణా అభియాన్ పేరిట అటవీ, పశుసంవర్ధక శాఖలు స్వచ్ఛంద సంస్థలతో కలిసి చికిత్సా కేంద్రాలు నడుపుతున్నాయి. ఇక్కడా పాముల విషయంలో ఇది సాధ్యమైంది. 1995లో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ శిక్షణ ఉన్న సభ్యులతో, అటవీ శాఖతో కలిసి పనిచేస్తోంది. పక్షులకూ అలాంటి ఏర్పాటు ఉండాలి. నగరంలో ఎగిరే పంజరాలు ఎన్ని ఉన్నాయో, పక్షివైద్యం తెలిసిన డాక్టర్లు ఎందరో అటవీ శాఖ ప్రకటించాలి. అగ్నిమాపక నిచ్చెన, విద్యుత్ సిబ్బంది ఒక్క ఫోనుకు వచ్చేలా ఒకే కంట్రోల్ రూము పెట్టాలి. కార్యకర్తలకు ధనుర్వాతం టీకాలూ చేతితొడుగులూ ఇప్పించడం పెద్ద ఖర్చేమీ కాదు.

వీటన్నిటికన్నా ముందు వేలాడుతున్న దారం తీయాలి. ఇప్పుడు పెట్టిన గుడ్లు నెల రోజులకు పొదుగుతాయి, మరో నెలన్నరకు పిల్లలు రెక్క విప్పుతాయి. అంటే మార్చి నెలాఖరుకు అనుభవం లేని గద్దపిల్లలు ఇవే కొమ్మల మధ్య తొలిసారి ఎగురుతాయి. కొమ్మలు నరికే నెపంతో గూళ్లు కూల్చకుండా, గూడున్న చెట్టు దగ్గర పావుగంటకు మించి ఉండకుండా, ఫిబ్రవరిలోగా నగరపాలక సిబ్బంది ఈ పని ముగించాలి. చెట్టెక్కేవాళ్లకు హెల్మెట్లు ఇవ్వడం మరవొద్దు. గుడ్లున్న గద్ద వెనకనుంచి వచ్చి నేరుగా తలమీదకే దూకుతుంది.