శవాలు లేచాయి సరే, గ్రెయిన్ ఎలా ఉంది?

హారర్ సినిమా చూసి భయపడటం చదువుకున్నవాళ్లు చేసే పని కాదు. భయపడితే కళ్లు మూసుకుంటాం. కళ్లు మూసుకుంటే నలుపులో ఎన్ని ఛాయలున్నాయో ఎవరు లెక్కపెడతారు? జార్జ్ రొమెరో 1968లో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ విషయంలో నేను ఈ నియమాన్ని చాలా ఏళ్లుగా తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. క్యాసెట్లుగా, డిస్కులుగా వచ్చిన దాని ఎడిషన్లన్నీ కొని, గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించే సన్నని రేణువులు) దగ్గర్నుంచి పోల్చి చూడటం నా పని. ఇంతవరకూ ఒక్క ఎడిషన్ కూడా నన్ను భయపెట్టలేకపోయింది. కొన్నిటి బిట్‌రేట్ (బొమ్మకి సెకనుకి ఎంత డేటా వాడారన్న లెక్క) మాత్రం కలవరపెట్టింది.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా కథేంటని అడుగుతారు. వాళ్లని కోప్పడకూడదు. చచ్చినవాళ్లు లేచొచ్చి బతికున్నవాళ్లని తింటారు. పెన్సిల్వేనియాలో ఒక పల్లెటూరి ఇంట్లో కొందరు తలుపులకి చెక్కలు బిగించుకుని, బయటివాళ్లని వదిలేసి తమలో తాము కొట్టుకుంటారు. అంతే. ఈ మాత్రానికి 96 నిమిషాలు ఎందుకో గానీ, అసలు విషయమంతా తెర నాలుగు అంచుల దగ్గర ఉంటుంది. ఏ ఎడిషన్‌లో ఎడమవైపు ఎంత కోత పడిందన్నది స్కేలు పెట్టి కొలిస్తే తప్ప తేలదు.

మొదట ఈ సినిమాకి ‘నైట్ ఆఫ్ ద ఫ్లెష్ ఈటర్స్’ అని పేరు పెట్టారు. పంపిణీదారులు దాన్ని మార్చారు. పాత టైటిల్ కార్డు తీసి కొత్తది అతికించేటప్పుడు, దానిమీదున్న కాపీరైట్ ప్రకటన కూడా పాత కార్డుతోపాటే పోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క లైను లేకుండా బొమ్మ విడుదలైతే హక్కులు గల్లంతే. పిట్స్‌బర్గ్ కుర్రాళ్లు చందాలేసుకుని, సుమారు 1,14,000 డాలర్లతో తీసిన సినిమా ఊరుమ్మడి చెరువైపోయింది. ఎవడి వల వాడు వేసుకోవచ్చు.

లోకమంతా దీన్ని రొమెరో దురదృష్టమంటుంది. ఎడిషన్లు పోల్చే మేం అలా అనం. హక్కుదారు ఉన్న సినిమాకి మహా అయితే మూడు నాలుగు ఎడిషన్లొస్తాయి. దిక్కులేని సినిమాకి వచ్చే ఎడిషన్లకి అంతూపొంతూ ఉండదు. పోల్చడమనే శాస్త్రం బతకాలంటే సరుకుండాలి కదా. ఒక దర్శకుడికి రావలసిన డబ్బు రాకపోవడమన్నది శాస్త్రం ముందు చిన్న విషయం.

క్యాసెట్ల కాలంలో ప్రింటు చేజిక్కిన ప్రతివాడూ దీన్ని అమ్మాడు. కాపీకి కాపీ, ఆ కాపీకి మళ్లీ కాపీ. ముఖాలకి ముక్కులుండేవి కావు. చీకట్లో కదులుతున్నది శవమా, చెట్టా అన్నది ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. ఇదే అసలైన భయమని వాదించే ఛాందసులు మాలో ఇప్పటికీ ఉన్నారు. ఏమీ కనపడకపోతేనే కదా ఏదైనా ఉండొచ్చు అనిపించేది, అంటారు. తర్వాత డీవీడీల రోజుల్లో మిల్ క్రీక్ అనే కంపెనీవాళ్లు యాభై హారర్ సినిమాలు ఒకే పెట్టెలో కుక్కి చవగ్గా అమ్మినప్పుడు అందులోనూ దీనికి చోటు దొరికింది. కొన్నాను. మిగతా 49 సినిమాల జోలికి పోలేదు. ఒకే సినిమాని ఇన్ని రకాలుగా చూసే వీలుండగా వేరే సినిమాలు చూడటం చపలచిత్తుల లక్షణం.

ఇక రంగుల సంగతి. నలుపు తెలుపులో తీసినందుకు సినిమావాళ్లు సిగ్గుపడుతున్నారేమో అని జాలిపడి, 1986లో హాల్ రోచ్ స్టూడియోస్ వాళ్లు కంప్యూటర్‌తో రంగులద్దించారు. శవాలకి ఆకుపచ్చ పులిమారు. తర్వాత 1997లో ఒకరు, 2004లో ఇంకొకరు మళ్లీ రంగులేశారు. చచ్చినవాడి చర్మం ఏ రంగులో ఉండాలన్న దానిమీద ఏకాభిప్రాయం కుదరలేదన్నమాట. చిత్రమేమిటంటే షూటింగ్‌లో రక్తానికి వాడింది బాస్కో అనే చాక్లెట్ సిరప్. నలుపు తెలుపులో అది చక్కగా రక్తంలా కనిపించింది. అంటే గోధుమరంగు చాక్లెట్‌ని ఎర్రగా మార్చడానికి అంత డబ్బు, అంత యంత్రం కావలసి వచ్చాయి. నా దగ్గర మూడూ ఉన్నాయి. ఆకుపచ్చది అతిథులకి.

1999 ఎడిషన్ గురించి మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి. ఆ ఏడాదే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ సినిమాని జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చింది. భావితరాల కోసం పదిలపరచదగ్గ చిత్రమని దానర్థం. సరిగ్గా ఆ ఏడాదే రొమెరోతో కలిసి దీని కథ రాసిన జాన్ రూసో, ముప్ఫయ్యేళ్ల పండగ పేరిట, రొమెరో లేకుండానే, ఓ పావుగంట కొత్త సీన్లు తీసి మధ్యలో ఇరికించి, దాదాపు అంతే పాత భాగాన్ని కోసేసి, సంగీతం కూడా మార్చి విడుదల చేశాడు. శ్మశానంలో మొట్టమొదట కనిపించే శవం వేషం వేసిన బిల్ హిన్జ్‌మన్‌నే మళ్లీ పిలిపించారు. పాత సీన్లలో ఆయన యువకుడు. కొత్త సీన్లలో ముప్ఫయ్యేళ్లు పెద్ద. కాబట్టి చచ్చాక కూడా వయసు మీద పడుతుందని నిరూపించిన ఏకైక చిత్రరాజం ఇదే. దీన్ని తిట్టనివాళ్లు మాలో లేరు. దీన్ని కొననివాళ్లూ లేరు.

న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, పాత సినిమాలని కాపాడే ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి అసలు నెగెటివ్ నుంచి 4కెలో, అంటే చాలా ఎక్కువ స్పష్టతతో, బాగుచేసిన ప్రతిని క్రైటీరియన్ అనే డిస్కుల కంపెనీ 2018లో బ్లూరేగా తెచ్చింది. రొమెరో దగ్గరుండి చూసుకున్న పని అది. డిస్కు వచ్చేలోపే, 2017 జులైలో, ఆయన పోయాడు. అర్ధ శతాబ్దం తర్వాత తన సినిమా తను తీసినట్టుగా ఇళ్లకి చేరింది, చేరేనాటికి తను లేడు. ఇవన్నీ కవర్ మీద రాసే సంగతులు, డిస్కు నాణ్యతకి సంబంధం లేదు.

మన ఇబ్బంది వేరే. బ్లూరే లెక్కలో ప్రపంచం మూడు ముక్కలు. అమెరికా ఎ, మన దేశం సి. అక్కడి డిస్కు ఇక్కడి ప్లేయర్లో పెడితే తిరగదు. శవాలకి లేని సరిహద్దులు డిస్కుకున్నాయి. 2022లో వచ్చిన 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్కులకి ఈ గొడవ లేదని తెలిశాక, డాలస్ నుంచి వస్తున్న మా పిన్ని కొడుక్కి పురమాయించాను. వాడు సూట్‌కేసులోంచి తీసి చేతికిస్తూ, “అన్నయ్యా, ఇది యూట్యూబ్‌లో ఫ్రీగానే ఉంది కదా?” అన్నాడు. హక్కులు పోయిన సినిమా, ఉండక ఏం చేస్తుంది! తిరుగు ప్రయాణంలో వాడికి కట్టాలనుకున్న ఆవకాయ డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది.

కొత్త డిస్కు గొప్పతనం తెలియాలంటే బెన్ పాత్రధారి డువేన్ జోన్స్‌ని చూడాలి. ఆయన నల్లజాతి నటుడు. 1968 అమెరికాలో, తెల్లవాళ్లున్న ఇంట్లో, ఏం చేయాలో చెప్పే మనిషిగా ఒక నల్లవాడుండటం, సినిమాలో ఆ విషయం ఒక్కరూ ఎత్తకపోవడం గురించి చాలామంది చాలా రాశారు. నాకు ఆయన ముఖం షాడో డీటెయిల్ (చీకటి భాగాల్లో వివరాలు ఎంత కనిపిస్తాయన్నది) పరీక్షకి పనికొస్తుంది. పాత టేపుల్లో గదిలో వెలుతురు తగ్గిందంటే చాలు, మనిషి మాయమై, ఒక లేతరంగు స్వెటర్ తుపాకీ పట్టుకుని తిరుగుతున్నట్టుండేది. ఇప్పుడు నుదుటి మీద చెమట కూడా కనిపిస్తోంది. అంత చెమట ఎందుకు పట్టిందో ఆ సీను మళ్లీ చూడాలి.

ఆఖరి నిమిషాల విషయంలో ఒక అపోహ తొలగించాలి. తెల్లవారాక షెరీఫ్ మనుషులు తుపాకులతో, కుక్కలతో పొలాల మీదుగా వస్తారు. రాత్రంతా ప్రాణాలు దక్కించుకున్న బెన్, అలికిడి విని కిటికీ దగ్గరికి వస్తాడు. అవతలివాళ్లు శవమనుకుని, పిలిచైనా చూడకుండా, నుదుటికి గురిపెట్టి కాలుస్తారు. కాల్చింది తెల్లవాళ్లు. తర్వాత బొమ్మ కదలదు. కొక్కేలతో అతన్ని ఈడ్చుకెళ్లి కట్టెల మీద పడేసే దృశ్యాలన్నీ నిశ్చల చిత్రాలుగా, పేపర్లో అచ్చయిన ఫొటోల్లా ముతకగా వస్తాయి. ఇంత డబ్బు పోసి ఈ భాగాన్ని శుభ్రం చేయలేదేమిటని కొందరు సణుగుతుంటారు. ఆ ముతకదనం కావాలని పెట్టింది, డిస్కుకి ఎక్కించేటప్పుడు వచ్చిన లోపం కాదు. నమ్మకం లేకపోతే కొక్కెం మొన దగ్గర పాజ్ చేసి, టీవీకి మూడడుగుల దూరంలో నిలబడి చూడండి. బొమ్మకి కృత్రిమంగా పదును పెడితే అంచు చుట్టూ వచ్చే తెల్ల గీత ఎక్కడా ఉండదు. ఈ ఒక్క ఫ్రేముకే డిస్కు డబ్బులు గిట్టుబాటు.