ప్లస్ ఒకటి మరిచినవాడే ప్రోగ్రామర్

కుర్రాళ్లు చెడిపోతున్నారు. సీ ప్రోగ్రామింగ్ భాషలో స్ట్రింగ్ (అక్షరాల వరుస) తయారు చేయాలంటే ఏఎస్‌ప్రింట్ఎఫ్ అనే రెడీమేడ్ ఫంక్షన్‌తో ఒక్క లైను రాసి చేతులు దులుపుకుంటున్నారు. పాయింటర్ (మెమరీలో చోటు చూపే వేరియబుల్) అడ్రసు ఇస్తే చాలట, అదే కొలుచుకుని, అదే మెమరీ తెచ్చుకుని, రాసి పెడుతుందట. మరి కష్టపడేది ఎవరు?

మా రోజుల్లో బఫర్, అంటే రాతకు ముందే కేటాయించిన మెమరీ, ఎంత అంటే 256 బైట్లు. ఎందుకని అడిగిన పాపాన పోయినవాడు లేడు. ఎస్‌ప్రింట్ఎఫ్ అనే పాత ఫంక్షన్ కూడా ఎదురుచెప్పేది కాదు, గట్టు దాటి పక్క వేరియబుల్ మీద కూడా రాసుకుంటూ పోయేది. అంత వినయం ఇప్పుడేదీ?

తర్వాత సీ భాష 1999 ప్రమాణంలో ఎస్‌ఎన్‌ప్రింట్ఎఫ్ వచ్చింది. బఫర్ సైజు సున్నా ఇచ్చి పిలిస్తే ఏమీ రాయదు, ఎంత చోటు కావాలో మాత్రం చెబుతుంది. ‘రాము’ అని ఇచ్చి చూడండి. మన కంటికి రెండక్షరాలు. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8లో గుణింతపు గుర్తులతో కలిపి, ఒక్కోటి మూడు చొప్పున, 12 బైట్లు. సరే, మాలొక్‌ను పిలిచి 12 బైట్ల మెమరీ తెచ్చుకుంటాం. స్ట్రింగ్ ముగిసిందని చెప్పే చివరి నల్ బైటు సంగతి? ఆయన లెక్కలో ఉండడు, కానీ ఆయనకూ ఇల్లు కావాలి. 13! ఈ ఒక్కటి మరిచిపోయి రాత్రంతా తప్పులు వెతికే డీబగ్గర్ ముందు కూర్చోనివాడికి అసలు సీ వచ్చని నేను నమ్మను. పోనీ 9 బైట్ల బఫరే ఇచ్చారనుకోండి. అందులో ఒకటి నల్‌కే పోతుంది. ‘రా’ నిండుగా వస్తుంది, ‘మ’లో మూడింట రెండొంతులు వస్తుంది. ఆ ముక్కను ఎలా పలకాలో స్క్రీనునే అడగాలి.

ఇక సొంత ఫంక్షన్ రాస్తే మరీ మజా. కొలవడానికి ఒకసారి వాడేసిన ఆర్గ్యుమెంట్ల జాబితాను, నకలు తీసిపెట్టే వీఏ_కాపీ లేకుండా, రెండోసారి వాడితే ఏం జరుగుతుందో ప్రమాణమే చెప్పదు. ఇంత సస్పెన్స్ ఇంకెక్కడ దొరుకుతుంది?

ఏళ్లపాటు గ్నూ, బీఎస్‌డీ వ్యవస్థల వాళ్ల సొంత సరుకుగా ఉన్న ఏఎస్‌ప్రింట్ఎఫ్‌ను 2024లో యునిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణమైన పోసిక్స్ కూడా ఇంట్లోకి రానిచ్చింది. సీ ప్రమాణం మాత్రం పరువు నిలబెట్టుకుని ఇంకా గుమ్మం బయటే ఉంచింది.

నేను నలభై లైన్లతో కట్టిన ఫంక్షన్‌ను మొన్న ఒక కుర్రాడు తీసేసి ఆ ఒక్క లైను పెట్టాడు. క్రాష్‌లు ఆగిపోయాయి. అయితే తెచ్చుకున్న మెమరీని తిరిగిచ్చే ఫ్రీ ఫంక్షన్‌ను పిలవడం మరిచిపోయాడు. మెమరీ మెల్లగా పెరుగుతోంది. నేను చూశాను. చెప్పలేదు.