అడిగేదీ మనమే, చెప్పేదీ మనమే: ఇంట్లో ప్రశ్నకు చోటు

వాకిట్లో కూర్చుని సోది చెప్పే ఎరుకలసాని పద్ధతిలో ఒక కట్టుబాటు ఉంది. అడిగే మనిషి వేరు, చెప్పే మనిషి వేరు. చాటలో బియ్యం పోసి చెయ్యి చాపిన ఇల్లాలికి జవాబు నచ్చకపోతే పదిసార్లు చెప్పించుకునే వీల్లేదు. చెప్పాల్సింది చెప్పి, గంప ఎత్తుకుని ఆమె పక్కింటికి పోతుంది. ఇప్పుడు హనుమకొండ, కాజీపేట అపార్టుమెంట్లలో పొద్దున్నే గవ్వలు వేసుకునేవాళ్లు, జోస్యం కోసం బొమ్మల టారో కార్డు తీసేవాళ్లు రెండు పాత్రలూ తామే వేస్తున్నారు. నచ్చని జవాబు వస్తే మళ్లీ వేస్తారు, నచ్చేదాకా వేస్తారు. ఇంట్లో ప్రశ్నకంటూ ఒక చోటు ఉండాల్సింది ఇందుకే. లేకుండా పోయిన ఆ రెండో మనిషి పని అది చెయ్యాలి. రంగురాళ్లు, సువాసన కొవ్వొత్తులు, ఆన్‌లైన్ కిట్లు ఈ పని చెయ్యవు.

చాలామంది దేవుని అర్రలోనే ఒక మూల సర్దుకుంటారు. అక్కడ వద్దు. మైల, ముట్టు పాటించే ఇళ్లలో రోజూ చెయ్యాల్సిన పని నెలనెలా కొన్ని రోజులు ఆగిపోతుంది, దాంతో లెక్క తెగిపోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. దేవుడి పటం ముందు వచ్చిన జవాబు దేవుడి మాటలాగే అనిపిస్తుంది, జవాబులు రాసుకునే నోటు పుస్తకంలో దాని పక్కన ‘తప్పింది’ అని రాయడానికి చెయ్యి రాదు. పడకగదిలో కిటికీ కింద మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు జాగా చాలు. తూర్పు ముఖంగా కూర్చోవడం ఆనవాయితీ, కుదిరితే కూర్చోండి. కుదరకపోతే గోడ కూలగొట్టాల్సినంత విషయం కాదు.

కూర్చోవడానికి 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ జంపఖానాను మించింది లేదు. కానీ దాని మీద గవ్వలు వెయ్యకూడదు. మందపాటి నేతలో గవ్వ అంచు ఇరుక్కుని, బోర్లా వెల్లకిలా కాకుండా ఒరిగి నిలబడుతుంది. వట్టి టైల్స్ మీద వేస్తే ఎగిరి మంచం కిందికి పోతుంది. అడుగున్నర చెక్క పీట మీద పలుచని నూలు గుడ్డ బిగించి పరిచి, దోసిట్లోంచి జానెడు ఎత్తులో వదలాలి. ఒరిగిన గవ్వను ఏం చెయ్యాలో ముందే ఒక నియమం పెట్టుకోవాలి. పడ్డాక పెట్టుకునే నియమం ఎప్పుడూ మనవైపే మొగ్గుతుంది.

అష్టాచెమ్మా ఆడినవాళ్లకు తెలుసు, నాలుగు గవ్వలూ వెల్లకిలా పడటం, నాలుగూ బోర్లా పడటం ఎంత అరుదో. గవ్వ రెండువైపులా సమానంగా పడుతుందనుకుంటే ఒక్కోదానికి పదహారింట ఒక్క వంతే అవకాశం. రెండు అటు, రెండు ఇటు పడటానికి పదహారింట ఆరు. అసలు గవ్వ అంత సమానంగా పడదు, వీపు గుండ్రం, నోటివైపు చదును. కాబట్టి కొత్త గవ్వలను ఒక్కొక్కటి యాభైసార్లు వేసి, ఎన్నిసార్లు వెల్లకిలా పడిందో రాసిపెట్టుకోవాలి. మరీ ఒకవైపే పడేదాన్ని పక్కన పెట్టాలి. ఈ పని చేసేవాళ్లు తక్కువ, ‘రోజూ ఇదే వస్తోంది’ అని కంగారుపడేవాళ్లు ఎక్కువ.

కార్డులదీ అదే కథ. టారో కట్టలో 78 కార్డులు ఉంటాయి. అంతమాత్రాన రోజుకొకటి తీసి, మళ్లీ కట్టలో కలిపేస్తే నెలలో ఏదీ రెండోసారి రాదనుకోవద్దు. లెక్క వేస్తే ముప్పై రోజుల్లో ఏ కార్డూ తిరిగి రాకపోవడమే వింత. మళ్లీ వచ్చిందని దాన్ని సంకేతంగా పట్టుకోవడం తొందరపాటు.

ఫ్యాన్ ఆపాకే దీపం వెలిగించాలి. దీపం కొండెక్కితే అపశకునమని లేచిపోయేవాళ్లు ముందు వత్తి నూనెలో మునిగిందేమో చూడాలి. కుడిచేతి వాటమైతే దీపం ఎడమవైపు ఉండాలి, లేకపోతే రాస్తున్న చేతి నీడ పుస్తకం మీదే పడుతుంది.

రాహుకాలం చూసేవాళ్లు సోమవారం 7:30 నుంచి 9 అని బట్టీ పట్టిన పట్టికను నమ్ముతారు. అది సూర్యోదయం ఆరింటికి, అస్తమయం ఆరింటికి అనుకుని వేసిన లెక్క. పగటిని ఎనిమిది భాగాలు చేసి, సోమవారానికి రెండోది తీసుకోవాలి. వరంగల్‌లో సంక్రాంతి నాటికి పొద్దు పొడిచేది సుమారు 6:46కి, గూకేది 5:56కి. ఒక్కో భాగం 84 నిమిషాలు, అంటే రాహుకాలం దాదాపు 8:10 నుంచి 9:34. జూన్ మూడోవారంలో అదే భాగం 99 నిమిషాలకు సాగి, 7:16కే మొదలవుతుంది. పంచాంగం యాప్‌లో ఊరి పేరు ఢిల్లీయో ఉజ్జయినియో ఉంటే ముందు అది మార్చాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, నోటు పుస్తకం ఒక ఎత్తు. సోది చెప్పే మనిషి స్థానంలో కూర్చునేది అదే. తేదీ, సమయం, ప్రశ్న, గడువు పెన్నుతో రాశాకే గవ్వలు ముట్టాలి. ‘ఉద్యోగం వస్తుందా’ అనేది ప్రశ్న కాదు, దానికి ఏ జవాబైనా సరిపోతుంది. ‘ఈ నెలాఖరులోపు ఇంటర్వ్యూకి పిలుస్తారా’ అనేది ప్రశ్న. గడువు తీరేదాకా దాన్ని మళ్లీ అడగకూడదు. జ్వరం, ఛాతీనొప్పి అసలు ఈ పుస్తకంలోకే రాకూడదు, అవి డాక్టరుకు. దేనికి ఏ అర్థమో ఒక కాగితం మీద ముందే రాసి పుస్తకానికి అంటించాలి. ఫోన్ గది బయట ఉండాలి, ఎందుకంటే దాంట్లో ఒక్కో కార్డుకు ఇరవై అర్థాలు దొరుకుతాయి, మనకు తీపిగా ఉన్నదే చేతికి తగులుతుంది.

మూడు నెలలకోసారి పుస్తకం తిరగేసి, గడువు తీరిన ప్రశ్నల పక్కన ‘అయింది’, ‘కాలేదు’ అని నింపాలి. అవునో కాదో సమానంగా తేలగల ప్రశ్నల్లో సగం నిజమయ్యాయంటే అది బొమ్మా బొరుసూ వేసినా వచ్చేదే. ఆ లెక్క చూశాక కూడా గవ్వలు కొనసాగించేవాళ్లు ఉంటారు, ప్రశ్నను సూటిగా రాయడం వల్లే సగం పని తేలుతోందని. అందులో తప్పేమీ లేదు. పుస్తకం లేకుండా కొనసాగించడమే తప్పు.