ఇరవై రెండు రిమ్ము

ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు నల్లగొండ రామగిరిలో సైకిల్ షాపు నడిపే మా పెద్దనాయిన ఇంటి ముందు కారు ఆపాను. ఆయన అప్పటికే ఒక సైకిల్ రిమ్ము భుజానికి తగిలించుకొని నిలబడి ఉన్నాడు. పాతదే. కానీ ఉప్పు కాగితంతో రుద్ది, నూనె గుడ్డతో తుడిచినట్టున్నాడు, వీధి దీపానికి తళతళమంటోంది. వెనకాల పెద్దమ్మ బత్తాయిల సంచితో. పిస్తోలు షూటింగ్ ఆడే వాళ్ళ బిడ్డను, అంటే మా అక్కను, చూడటానికి హైదరాబాద్ బయలుదేరుతున్నాం.

పెద్దమ్మ: అడుగు కొడుకా, నువ్వన్నా అడుగు. తుపాకి చూడ పోతూ ఈ రిమ్మెందుకని.

పెద్దనాయిన: తుపాకి కాదే, పిస్తోలు.

పెద్దమ్మ: పిస్తోలుకు చక్రాలుంటయా?

పెద్దనాయిన: బిడ్డే ఫోన్ చేసింది. క్లబ్బుకు కొత్తగా ట్వంటీ టూ రిమ్ము వచ్చింది నాయినా, ఆదివారం రేంజ్‌లో ట్రై చేస్తున్న, అమ్మను తీసుకొని రా అన్నది. ఇరవై రెండు సైజు ఇప్పుడు ఎక్కడ దొరుకుతది? అటకంతా వెతికి తీసిన.

పెద్దమ్మ: పిల్ల పిస్తోలు కాలుస్తదా, పంక్చర్ వేస్తదా?

పెద్దనాయిన: నీకేం తెల్వది. ఆ ఇరవై ఐదు మీటర్ల ఆటలో బోర్డులు తిరుగుతయి. అటు తిరుగుతయి, ఇటు తిరుగుతయి. బిడ్డే చెప్పింది ఓసారి. తిరగాలంటే చక్రం వద్దా?

నిజానికి బోర్డులు తిరిగే మాట నిజమే. అందుకే నేను నోరు మూసుకొని డిక్కీ తెరిచాను. అందులో సీఎన్‌జీ సిలిండర్. రిమ్ము పట్టలేదు. వెనక సీట్లో పెద్దమ్మ ఒళ్ళోకి చేరింది. ఆమె రెండు చేతులూ అందులోంచి దూర్చి, బస్సు డ్రైవరులా కూర్చుంది.

నార్కట్‌పల్లి దాకా ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నేనే ఆగలేకపోయాను.

"పెద్దనాయినా, అక్క చెప్పింది రిమ్ము కాదు, రిమ్‌ఫైర్. అది తూటా రకం. తూటా అడుగున బిళ్ళలాగ ఒక అంచు ఉంటది. ఆ అంచు లోపల మందు ఉంటది. పిన్ను వచ్చి అంచు మీద కొడితే పేలుతది. అంచును రిమ్ అంటరు, అందుకే ఆ పేరు. ఇక పాయింట్ ట్వంటీ టూ అంటే అంగుళంలో నూటికి ఇరవై రెండు పాళ్ళు. ఐదున్నర మిల్లీమీటర్లు, కొంచెం అటు ఇటు."

పెద్దమ్మ: అంగుళంలో పావు కూడా లేదు?

నేను: లేదు.

పెద్దమ్మ: ఈయన ఇరవై రెండు అంగుళాలు తెచ్చిండు! చెవుడు అందరికీ ఉంటది, తప్పు లేదు. నూరింతలు ఎక్కువ వినే చెవుడు ఈయనకే చూసిన.

పెద్దనాయిన: అప్పుడు నా కుడి చేయి ట్యూబుతోటి నీళ్ళ తొట్టిల ఉన్నది. బుడగలు చూస్తున్న. ఫోన్ ఎడమ చెవికి పెట్టిన. ఆ చెవి సంగతి నీకు తెల్వదా?

పెద్దమ్మ: తెల్వకేం. ముందు చుక్క పోయింది, వెనక మంట పోయింది, మధ్యల రిమ్ము మిగిలింది.

పెద్దనాయిన: ఒకటి రెండు ముక్కలు వినపడకపోతే ఏమైతది?

పెద్దమ్మ: ఏమైతదా? పెండ్లి చూపులల్ల మా నాయిన "పిల్లకు వంట రాదు" అన్నడు. నీకు "వంట" దాకే వినపడ్డది. నలభై ఏండ్లు అయింది, ఎవరికి ఏమైందో నువ్వే చెప్పు.

పంతంగి టోల్‌గేటు దగ్గర పక్క కారులోని చిన్నపిల్లాడు పెద్దమ్మను చూసి కళ్ళు పెద్దవి చేశాడు. ఆమె రిమ్మును స్టీరింగులా అటూ ఇటూ తిప్పి చూపించింది. అది పెద్దనాయిన చూడలేదు. చూసి ఉంటే వాళ్ళ వాదన ఇంకో పది కిలోమీటర్లు నడిచేది.

చౌటుప్పల్ దాటాక ఆయన కొత్త దారి పట్టాడు.

పెద్దనాయిన: టోక్యో ఒలింపిక్స్‌ల ఏమైంది? మనూ భాకర్ పిస్తోలు ఆట మధ్యల మొరాయించింది. ఎన్నో నిమిషాలు పాయె, ఫైనల్ పాయె. పక్కన ఒక మంచి మెకానిక్ ఉంటే?

పెద్దమ్మ: రిమ్ము పట్టుకొని?

పెద్దనాయిన: సామాను దగ్గర ఉండాలె అంటున్న.

పెద్దమ్మ: ఆ పిల్లే 2024ల ప్యారిస్ పోయి రెండు కంచు పతకాలు తెచ్చింది. ఏ మెకానిక్ పోయిండు ఎంబడి? మన హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ కూడా పోయింది ప్యారిస్. ఆమె సూట్‌కేసుల హబ్బు, చైను పెట్టుకున్నదా?

షూటింగ్ సంగతులు ఆమెకు ఇంత తెలుసని నాకు ఆ రోజే తెలిసింది. అక్క ఆడటం మొదలుపెట్టాక పేపర్లో ఆ పేజీ చించి బియ్యం డబ్బాలో దాస్తుందట.

రేంజ్ గేటు దగ్గర కాపలా ఆయన రిమ్మును చూసి ఆపాడు. ఇదేంటని అడిగాడు.

పెద్దమ్మ: దీనికి లైసెన్సు అక్కర్లేదు బిడ్డా. దీన్ని తెచ్చిన మనిషికే కావాలె.

అక్క వచ్చింది. రిమ్మును చూసింది. తండ్రి మొహం చూసింది. "గోడకు ఆనించు నాయినా" అని మాత్రం అని, గబగబా అటు తిరిగిపోయింది. భుజాలు కదులుతున్నాయి.

కొత్త పిస్తోలు నల్లగా, చేతికి అమరే చెక్క పిడితో ఉంది. గొట్టంలోంచి నారింజ రంగు ప్లాస్టిక్ తాడు బయటికి కనిపిస్తోంది. లోపల తూటా లేదని అందరికీ తెలియడానికి అట. మమ్మల్ని వెనకాల కుర్చీల్లో కూర్చోబెట్టి చెవులకు మఫ్‌లు ఇచ్చారు. పెద్దమ్మ ముందు తన సంచిలోంచి దూది తీసి, ఉండ చేసి, పెద్దనాయిన కుడి చెవిలో కుక్కి, ఆ పైన మఫ్ తొడిగింది.

పెద్దనాయిన: ఎడమ దానికి?

పెద్దమ్మ: దానికెందుకు, అది పోయిందేగా. ఉన్న ఒక్కటి కాపాడుకో.

"లోడ్" అన్నారు. తర్వాత "స్టార్ట్". మ్యాగజైనుకు ఐదు తూటాలు. మొదటి రెండు టప్పు టప్పుమని పోయాయి. మూడోదాని ఖాళీ తొడుగు బయట పడకుండా స్లయిడ్‌లో, అంటే పిస్తోలు పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగంలో, ఇరుక్కొని పొగగొట్టంలా నిలబడింది. అక్క ఆ తొడుగును తీసేసి మళ్ళీ గురి పెట్టింది. నాలుగోది అసలు పేలనే లేదు. అక్క వేలు ట్రిగ్గర్ మీంచి తీసేసింది. పిస్తోలును బోర్డు వైపే పెట్టి అర నిమిషం పాటు కదలకుండా నిలబడింది. ఆలస్యంగా పేలుతుందేమోనని అలా ఆగుతారట.

ఆ అర నిమిషం పక్క లేన్లలో మాత్రం కాల్పులు ఆగలేదు. ఇద్దరికీ మఫ్‌లున్నాయి. ఇద్దరూ అరుస్తున్నారు.

పెద్దనాయిన: కొత్త ఫ్రీవీలు కూడా ఇట్లనే పట్టేస్తది! రెండు చుక్కలు నూనె వెయ్యాలె!

పెద్దమ్మ: నూనె ఎక్కడిది? పల్లి నూనె మొన్ననే అయిపోయింది!

పెద్దనాయిన: స్ప్రింగు బిర్రుగున్నది! అరగాలె!

పెద్దమ్మ: అరగక ఏంజేస్తది, పొద్దున రెండే ఇడ్లీలు తిన్నవు!

పెద్దనాయిన: నువ్వే అడుగు కోచ్‌ను!

పెద్దమ్మ: కోసిస్తనయ్యా, ఆగు! బత్తాయి కోసుకొని తినే జాగానా ఇది?

సరిగ్గా అప్పుడే ఆఫీసర్ "స్టాప్" అన్నాడు. అన్ని లేన్లూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయాయి. ఆ నిశ్శబ్దంలో పెద్దమ్మ గొంతు ఒక్కటే రేంజ్ ఈ కొస నుంచి ఆ కొసకు వినిపించింది.

"ముందు గుండె మాత్ర వేసుకున్నవా లేదా చెప్పు!"

కాల్చేవాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు. పెద్దనాయిన ఒక్కడికే వినపడలేదు. ఆమె మఫ్ పక్కకు లాగి, గొంతు తగ్గించి మళ్ళీ అడిగింది. ఆయన చొక్కా జేబు తట్టుకున్నాడు. మాత్ర అందులోనే ఉంది. ఆమె ఏమీ అనలేదు, నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది.

కోచ్ పిస్తోలు తీసుకొని పరిశీలించి, కొత్త స్ప్రింగు కదా, కొన్ని వందల తూటాలు కాలిస్తే గానీ దారికి రాదని చెప్పాడు. పేలని తూటా అడుగు చూపించాడు. అంచు మీద పిన్ను గంటు స్పష్టంగా ఉంది. ఆ అంచులో మందు చుట్టూరా సమంగా పరుచుకోకపోతే, పిన్ను పడ్డ చోట లేకపోతే, ఇలా జరుగుతుందన్నాడు. తర్వాత చిన్న సీసా తీసి స్లయిడ్‌కు రెండు చుక్కలు నూనె వేశాడు.

రెండే చుక్కలు. పెద్దనాయిన లెక్కపెట్టాడు.

పెద్దనాయిన: ఎన్ని చుక్కలే?

పెద్దమ్మ: నేను చూడలేదు.

పెద్దనాయిన: నువ్వు చూసినవు.

పెద్దమ్మ: ఆనాడు ఫోనులో పోయిన చుక్క ఇప్పుడు దొరికిందనుకో.

వేరే డబ్బా తూటాలు వేసి కాల్చాక ఇరవైకి ఇరవై బయటికి వెళ్ళాయి. అక్క గురి బోర్డు కాగితం పట్టుకొచ్చింది. నడిమి పది గుండ్రం ఐదు సెంటీమీటర్లు. అందులో ఏడు తూట్లు, మిగతావి దాని చుట్టూ. అన్నిటికన్నా బయటి గీత ఎంత అని పెద్దనాయిన అడిగాడు. అర మీటరని అక్క చెప్పింది.

ఆయన లేచాడు. గోడ దగ్గరికి పోయి రిమ్ము తెచ్చి, కాగితాన్ని బల్ల మీద పరిచి, దాని మీద పెట్టాడు. ఇరవై రెండు అంటే టైరుతో కలిపి కదా, ఉత్త రిమ్ము అర మీటరుకు కొంచెమే ఎక్కువ. బయటి గీత లోపలికి వచ్చి చక్కగా కూర్చుంది. కోచ్ కూడా వంగి చూశాడు.

పెద్దనాయిన: ఇప్పుడు మాట్లాడు.

పెద్దమ్మ: సున్నకు సున్న సరిపోయింది. అందులో మాట్లాడేదేముంది?

ఆ కాగితం ఇప్పుడు రిమ్ములో బిగించి ఉంది, షాపులో, గాలి పంపు పైన మేకుకు. చుట్టూ పాత పుల్లలు వంచి పట్టించాడు. వచ్చినవాళ్ళందరికీ మందు అంచులో ఉంటే రిమ్‌ఫైర్, నడుమ ఉంటే సెంటర్‌ఫైర్ అనీ, అంటే హబ్బులో అనుకోవాలనీ చెబుతున్నాడు. పంక్చరుకు వచ్చినవాడు వినక తప్పదు.

మొన్న వాళ్ళింటికి వెళ్తే పెద్దనాయిన అటక మీద ఉన్నాడు. కింద నిచ్చెన పట్టుకొని పెద్దమ్మ.

"ఏం వెతుకుతున్నడు?" అన్నాను.

"అక్క ఫోన్ చేసింది. వచ్చే నెల పాయింట్ థర్టీ టూ సెంటర్‌ఫైర్ కాల్చి చూస్తదంట, రమ్మన్నది. మళ్ళా ఎడమ చెవికే పెట్టిండు. ముప్పై రెండు పుల్లల హబ్బు, ముందు చక్రందంట, దాని కోసం ఎక్కిండు."

"మరి నువ్వు చెప్పలేదా?"

ఆమె పైకి చూసింది. పాత ట్యూబులు ఒకటొకటిగా కింద పడుతున్నాయి. నా చెయ్యి పట్టి పక్కకు లాగింది.

"చెప్పకు. హైదరాబాద్ దాకా కార్ల కూచొని ఏం మాట్లాడుకుంటం మరి?"