సొమ్మరోయ్‌లో గడియారానికి ఉద్వాసన

పాలనా సంస్కరణల చరిత్రలో 2019 జూన్ మాసానికి దక్కవలసిన గౌరవం ఇంతవరకు దక్కలేదు. ఉత్తర నార్వేలో ట్రోమ్సో నగరానికి పడమట, క్వాలోయా అనే పెద్ద దీవికి ఒక వంతెనతో అతుక్కుని ఉన్న సొమ్మరోయ్ అనే చిన్న దీవిలో, మూడు వందల పైచిలుకు జనం బతికే ఒక జాలరిపల్లె తమ ఊళ్లో కాలాన్ని రద్దు చేయాలని ఆ మాసంలోనే కోరింది. పన్నులు రద్దు చేయమన్న ఊళ్లను, సారా దుకాణాలు రద్దు చేయమన్న ఊళ్లను ప్రభుత్వాలు చూశాయి గాని, ఏకంగా కాలానికే ఎసరు పెట్టిన ఊరిని అంతకు మునుపు చూసి ఉండవు. ప్రపంచంలో తొలి కాలరహిత మండలంగా తమను గుర్తించాలన్న విజ్ఞాపన పత్రం మీద ఊరివారు సంతకాలు చేశారు, దాన్ని ఒక పార్లమెంటు సభ్యుడి చేతికి అందించారు, వంతెన దగ్గర చేతిగడియారాలు విప్పి కట్టారు. బ్యాటరీ ఉన్నంతకాలం అవి అక్కడ కూడా టిక్కుటిక్కుమంటూనే ఉంటాయన్న చిన్న లోపం తప్ప, ఆ త్యాగంలో వంక పెట్టడానికేమీ లేదు.

కోరికకు చూపిన కారణం బలమైనదే. ఉత్తర ధ్రువ వృత్తానికి బాగా ఎగువన ఉన్న ఆ దీవిలో మే 18 నుంచి జూలై 26 వరకు, అంటే 69 రోజులపాటు, సూర్యుడు అస్తమించడు. కాలమంటే పట్టింపు లేదని చాటే ప్రకటనలో మొదటి తేదీ, చివరి తేదీ, మధ్యనున్న రోజుల లెక్క ఇంత కచ్చితంగా ఉండడం ఆ ఊరి నిజాయితీకి నిదర్శనమని నేను భావిస్తున్నాను. రాత్రి రెండు గంటలకు అక్కడ పిల్లలు ఫుట్‌బాల్ ఆడతారని, పెద్దలు ఇంటికి రంగులు వేసుకుంటారని, పెరట్లో గడ్డి కోసుకుంటారని, కుర్రకారు సముద్రంలో ఈత కొడతారని కూడా ఆ ప్రకటన చెప్పింది. అది రెండు గంటలని ఎవరు చూసి చెప్పారో తెలియదు. గడియారాలన్నీ వంతెన మీద ఉన్నప్పుడు ఎవరో ఒకరు అంత దూరం నడిచి వెళ్లి చూసి వచ్చి ఉండాలి.

ఇక ఆ ఊరి వృత్తి సంగతి. చేపలు పట్టేవాడికి కాలంతో పని లేదని నమ్మాలంటే, చేపను పళ్లెంలో తప్ప వేరే చోట చూసి ఉండకూడదు. కాడ్ చేప బేరెంట్స్ సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి నార్వే తీరానికి వచ్చేది జనవరి నుంచి ఏప్రిల్ దాకానే. ఆ నాలుగు నెలలు జారవిడుచుకున్న పడవ తిరిగి ఆ వేటకు దిగాలంటే మరుసటి జనవరి దాకా ఆగవలసిందే. పడవ ఎప్పుడు వదలాలో ఆటుపోట్లు చెబుతాయి, ఎంతసేపు ఉండవచ్చో వాతావరణ సూచన చెబుతుంది, పట్టిన చేపను దింపుకునేవాడు తన వేళలు తాను చెబుతాడు. పక్కనున్న బ్రెన్స్‌హోల్మెన్ నుంచి సేన్యా దీవికి పోయే ఫెర్రీ కూడా రాసి పెట్టిన వేళలకే బయలుదేరుతుంది. నాకు కాలం లేదండీ అని రేవులో నిలబడి అరిచినవాడి కోసం అది వెనక్కి తిరిగి రాదు. నిజం చెప్పాలంటే, కాలానికి ఇంతగా కట్టుబడి బతికే జీవుణ్ణి వెతకాలంటే రైల్వే స్టేషన్ మాస్టరు తర్వాత జాలరినే చూపించాలి.

అయితే ఈ సంస్కరణ వెనుక ఒక దార్శనికత ఉన్నదని కొద్ది రోజుల్లోనే బయటపడింది. నార్వే ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌ఆర్‌కే ఆరా తీస్తే, ఆ ఉద్యమాన్ని నడిపించింది దేశానికి పర్యాటకులను రప్పించే బాధ్యత కూడా మోస్తున్న ఇన్నోవేషన్ నార్వే అనే ప్రభుత్వ సంస్థేనని తేలింది. ఖర్చు దాదాపు 5 లక్షల క్రోనర్లు. ప్రభుత్వం తన డబ్బుతో తన పార్లమెంటుకు తానే విజ్ఞాపన పెట్టించుకునేంత వినయం మరే దేశంలోనైనా ఉన్నదా? పైగా ఆ పనితనం చూడండి. మే 18న సూర్యుడు అస్తమించడం మానేశాడు గాని, ఊరివారి సహనం మాత్రం దాదాపు నెల ఆగి, ప్రపంచమంతా సెలవులకు ఎక్కడికి పోదామా అని ఆలోచించే వేళకు, ఏడాదిలో అతి దీర్ఘమైన పగటికి సరిగ్గా ముందు నశించింది. కాలాన్ని రద్దు చేయడానికి ఇంత చక్కని ముహూర్తం మన పంచాంగకర్తలు కూడా పెట్టలేరు.

పాపం, వారు అసలే పెట్టలేరు. రాహుకాలం లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది, రోజుకు తిథిని నిర్ణయించేదీ సూర్యోదయమే. మే నెలాఖరులో సొమ్మరోయ్‌లో ఏకాదశి ఉపవాసం పట్టిన భక్తుడు మర్నాటి సూర్యోదయం చూసి పారణ చేద్దామనుకుంటే జూలై చివరిదాకా ఆకలితో ఉండాలి.

వార్త అచ్చువేసిన పత్రికలను తప్పుపట్టలేము. మన దేశపు పత్రికలు సహా ఎన్నో దేశాల పత్రికలు దాన్ని ముచ్చటపడి ప్రచురించాయి. ఎనిమిదింటికల్లా పేజీలు ముగించాలని తరుముతున్న గదిలో కూర్చున్న విలేకరి చెవిలో, గడియారం లేని ఊరు ఒకటున్నదని చెప్పి పువ్వు పెట్టడం కన్నా తేలికైన పని లేదు. ఇన్నోవేషన్ నార్వే ఆ తర్వాత క్షమాపణ చెప్పుకున్నది. అది ఆలస్యం కాకుండా చెప్పడం మాత్రం తమ ఉద్యమ సిద్ధాంతానికి వారే చేసిన ద్రోహం.

నన్ను వేధిస్తున్నది చలికాలం. నవంబరు చివర నుంచి జనవరి మధ్య దాకా అక్కడ సూర్యుడు క్షితిజం పైకే రాడు. నడిరాత్రి పగటిని చూపి కాలాన్ని రద్దు చేయమన్నవారు, మిట్టమధ్యాహ్నపు చీకటిని చూపి కూడా అదే అడగాలి కదా? ఆ నెలల్లో బడి మానేస్తామని పిల్లలు, జీతం మాత్రం ఒకటో తారీఖునే కావాలని పెద్దలు చేసే విజ్ఞాపనకు కూడా ప్రభుత్వమే డబ్బు పెట్టాలని నా మనవి. ఇక పాత విజ్ఞాపన సంగతి ఎప్పటికి తేలుస్తారని పార్లమెంటును నిలదీసే హక్కు మాత్రం, దాని మీద సంతకం చేసిన ఒక్కరికీ లేదు.