కొవ్వొత్తి ఉంటే చాలు

డెన్మార్క్ వాళ్లు అంత సంతోషంగా ఎందుకుంటారన్న ప్రశ్నకు ఎట్టకేలకు జవాబు దొరికింది. కొవ్వొత్తి. దానికి తోడు ఉన్ని సాక్సులు, మెత్తటి దుప్పటి, దాల్చినచెక్క వేసిన బన్ను, చుట్టూ నలుగురు అయినవాళ్లు. ఈ మొత్తం ఏర్పాటును వాళ్లు హ్యూగ అంటారు. 2016లో లండన్ పుస్తకాల షాపుల్లో దీని మీద పుస్తకాలు వరసపెట్టి దిగాయి. మరుసటేడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా దీనికి కుర్చీ వేసింది. మన దాకా వచ్చేసరికి కాస్త ఆలస్యమైంది గానీ, వచ్చింది. గచ్చిబౌలిలో ఫ్లాటు కొన్నవాళ్లు ఇప్పుడు స్కాండినేవియన్ ఇంటీరియర్స్, అంటే డెన్మార్క్, దాని పక్క దేశాల తరహా అలంకరణ, కావాలంటున్నారు. బూడిద రంగు సోఫా, తెల్ల గోడ, వాసనొచ్చే కొవ్వొత్తి. పూజగది మాత్రం వాస్తు ప్రకారం ఈశాన్యంలోనే.

ఈ శుభకార్యానికి అడ్డు తగిలేవాళ్లు కొందరున్నారు. డెన్మార్క్‌లో వారానికి 37 గంటలే పని కదా అంటారు. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆఫీసులు ఖాళీ అయిపోతాయి, అమ్మో నాన్నో సైకిలెక్కి క్రెష్‌కు పిల్లల కోసం వెళ్తారు కదా అంటారు. ఆ క్రెష్ ఖర్చులో తల్లిదండ్రుల వాటా పావు వంతు మించకూడదు, ఏడాదికి ఐదు వారాలు జీతంతో సెలవు, బిడ్డ పుడితే అమ్మానాన్నలకు చెరో 24 వారాలు, ఆస్పత్రిలో బిల్లు లేదు, యూనివర్సిటీలో ఫీజు లేదు, పైగా చదువుకుంటున్నందుకు వాళ్ల పిల్లలకు ప్రభుత్వమే నెలనెలా డబ్బులిస్తుంది అంటూ పాఠం అప్పజెప్తారు. అంతటితో ఊరుకోరు. ఇందుకోసం వాళ్లు కట్టే పన్నుల చిట్టా కూడా విప్పుతారు. కొన్న వస్తువు మీద 25 శాతం వ్యాట్, ఖరీదైన కారు కొంటే రిజిస్ట్రేషన్ పన్నే 150 శాతం దాకా.

ఇవన్నీ నిజమే. కానీ అసలు విషయానికీ వీటికీ సంబంధమేమిటి? రేపు ఉద్యోగం పోయినా, ఒంట్లో బాగాలేకపోయినా ఇల్లు గడుస్తుందని తెలిసినవాడు కొవ్వొత్తి ముందు ప్రశాంతంగా కూర్చుంటాడు, కాదనను. ఆ ధీమా లేనివాడు, ఈఎమ్ఐ పదో తేదీన కట్టాల్సినవాడు కూడా అదే కొవ్వొత్తి ముందు అంతే ప్రశాంతంగా కూర్చోగలడని నా గట్టి నమ్మకం. ఆధారాలు అడగొద్దు. హ్యూగలో వాదనలకు చోటు లేదు.

వాతావరణం ఒక్కటే మనకు చిన్న ఇబ్బంది. డిసెంబరు మూడో వారంలో వాళ్ల రాజధాని కోపెన్‌హేగెన్‌లో ఉదయం ఎనిమిదిన్నర దాటితే గానీ సూర్యుడు రాడు, మధ్యాహ్నం మూడు ముప్పావుకల్లా వెళ్లిపోతాడు. ఆ చీకట్లో దీపం పెట్టుకుని ఒకచోట చేరడం వాళ్లకు తప్పదు. మనకేమో మే నెల, విజయవాడ. ఉన్ని సాక్సులు వేసుకుంటే వచ్చేది సంతోషం కాదు, చెమటకాయలు. అయితే దీనికి మనవాళ్లు ఎప్పుడో పరిష్కారం కనిపెట్టారు. ఏసీ 16లో పెట్టి బొంత కప్పుకుంటారు. కరెంటు బిల్లు కట్టి మరీ ఇంట్లోకి చలి తెప్పించుకుని, ఆ చలికి మళ్లీ ముసుగుతన్ని పడుకునేవాళ్లకు డెన్మార్క్ కొత్తగా నేర్పేదేముంది?

ట్యూబ్‌లైటు సంగతి మాత్రం సీరియస్‌గా ఆలోచించాలి. అక్కడ పౌల్ హెన్నింగ్‌సెన్ అనే ఆయన 1920లలోనే బల్బు నేరుగా కంట్లో పడకుండా, వెలుగు మెత్తగా కిందికి జారేలా ఒకదాని మీద ఒకటి రేకులు పేర్చి దీపం తయారుచేశాడు. ఇప్పటికీ వాళ్ల భోజనాల బల్లల మీద అవి వేలాడుతుంటాయి. మన హాల్లో ట్యూబ్‌లైటు కింద ఎవర్ని చూసినా స్టేషన్‌లో వాంగ్మూలం ఇస్తున్నట్టే ఉంటారు. పోనీ తీసేసి పసుపు బల్బు పెడదామంటే తాతయ్య ఊరుకోడు. "చీకటి కొంప చేశార్రా" అంటాడు.

ఆ మాటకొస్తే ఈ విద్య మనకు నాలుగు వందల ఏళ్ల కిందటే అందాల్సింది. 1620లో తంజావూరు రఘునాథ నాయకుడు, స్వయానా తెలుగు కవి, తమిళ తీరంలోని తరంగంబాడిలో డేన్లకు, అంటే ఈ డెన్మార్క్ వాళ్లకే, కోట కట్టుకోనిచ్చాడు. 1845లో ఇంగ్లీషు కంపెనీకి అమ్మేసి వెళ్లేదాకా 225 ఏళ్లు అక్కడే ఉన్నారు. వ్యాపారం చేశారు, చర్చి కట్టారు, అచ్చుయంత్రం తెచ్చారు. హ్యూగ ఊసు మాత్రం ఎత్తలేదు. ఆ ఉక్కపోతలో ఎత్తరు మరి.

ఇక కలిసి కూర్చోవడం. అక్కడ దీనికి పద్ధతులున్నాయి. ఎవరూ గొప్పలు చెప్పుకోకూడదు. గొడవపెట్టే విషయాలు తేకూడదు. పిలుపు కొన్ని వారాల ముందే రావాలి, అదీ "43వ వారం శనివారం ఖాళీయేనా?" అని వారం నంబరుతో. అక్కడ ఉద్యోగాలకు వెళ్లిన బయటిదేశాలవాళ్లు ఆ కొవ్వొత్తి దాకా చేరడమే కష్టమని వాపోతుంటారు. చిన్నప్పటి స్నేహితుల గుంపులో అప్పటికే కుర్చీలు నిండిపోయి ఉంటాయి. మన దగ్గర ఆ బాధ లేదు. ఆదివారం పన్నెండున్నరకు "ఇటుగా వెళ్తూ ఒకసారి చూసిపోదామని" ఐదుగురు దిగుతారు. గొప్పలు చెప్పుకోకూడదన్న నియమం ఒక్కటి మనకు కుదరదు. అది తీసేస్తే ఇక మాట్లాడుకోవడానికి ఏముంటుంది? అల్లుడి ప్యాకేజీ, కోడలి గ్రీన్‌కార్డు, మనవడి ర్యాంకు. ఈ మూడూ లేని సాయంత్రాన్ని సాయంత్రమని ఎవరైనా అంటారా?

అన్నిటికన్నా క్లిష్టమైన నియమం ఇంకొకటుంది. డెన్మార్క్‌లో అందరూ కలిసే వండుతారట, కలిసే గిన్నెలు కడుగుతారట, ఆతిథ్యమిచ్చే ఆవిడ కూడా బల్ల దగ్గరే కూర్చుంటుందట. ఇది చదవగానే నాకు గుండె ఆగినంత పనైంది. ఆవిడా కూర్చుంటే దోసె ఎవరు వేస్తారు? మన ఇళ్లలో నలుగురూ హాయిగా కూర్చుని తింటున్నారంటే, ఐదో మనిషి పెనం దగ్గర నిలబడి ఉన్నందువల్లే. ఒక్కొక్కటీ వేడివేడిగా రావాలి, చట్నీ అయిపోకముందే మళ్లీ రావాలి, "నువ్వూ వచ్చి తిను వదినా" అన్న మాట అందరికన్నా ముందు మరిదిగారు అనాలి, కుర్చీలోంచి మాత్రం లేవకూడదు. ఆవిడకు హ్యూగ లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఆవిడ హ్యూగ వంటింట్లో జరుగుతుంది. అక్కడ గ్యాస్ పొయ్యి ఉంది. ఆ మంట కొవ్వొత్తి కన్నా పెద్దదే.

మిగిలింది టైం. 37 గంటల మాట మన దగ్గర ఎత్తితే బద్ధకస్తులంటారు. కుర్రాళ్లు వారానికి 70 గంటలు చేయాలని 2023లో ఒక పెద్ద ఐటీ కంపెనీ స్థాపకుడు సెలవిచ్చారు. 2025లో మరో పెద్ద కంపెనీ ఛైర్మన్ దాన్ని 90కి పెంచి, ఆదివారం ఇంట్లో కూర్చుని ఎంతసేపని భార్య ముఖం చూస్తారని కూడా అడిగారు. హ్యూగ మీద మన దేశంలో వచ్చిన అతి క్లుప్తమైన సమీక్ష అదే. అదే ఏడాది మన రెండు రాష్ట్రాలూ రోజుకు 10 గంటల పనికి తలుపు తీశాయి.

నిరుత్సాహపడకుండా లెక్క చూద్దాం. వారానికి 168 గంటలు. పని 90, నిద్ర 56. ఇంకా 22 గంటలున్నాయి. అందులో హైటెక్ సిటీ ట్రాఫిక్‌కు 12, స్నానపానాలకు, గ్యాస్ బుకింగుకు, స్కూలు వాట్సాప్ గ్రూపుకు 9. అన్నీ పోగా వారానికి ఒక గంట మిగిలింది. ఒక టీలైటు, అంటే చిన్న రేకు గిన్నెలో వచ్చే బుల్లి కొవ్వొత్తి, సుమారు నాలుగు గంటలు వెలుగుతుంది కాబట్టి నెలంతటికీ ఒకటి చాలు. తలకు లెక్కేస్తే యూరప్‌లో కొవ్వొత్తులు కాల్చడంలో ముందుండేది డేన్లేనంటారు. ఎంత దుబారా! మనం వంద టీలైట్ల ప్యాకెట్ ఒకటి కొంటే ఎనిమిదేళ్లు వస్తుంది. డిస్కౌంటులో రెండు తీసుకోండి.