సాగదీత కాదు, అదే సినిమా

‘అనాటమీ ఆఫ్ ఎ మర్డర్’ (1959) అనే హాలీవుడ్ కోర్టు సినిమా మీద వచ్చిన ఓ వ్యాసంలో అది సాగదీసిన సినిమా అని తేల్చేశారు. నేను ఒప్పుకోను. నిడివి 160 నిమిషాలు, నిజమే. కానీ ఆ నిదానంలోనే అసలు సరుకుంది. మొదట్లో లాయరుగా వేసిన జేమ్స్ స్టువర్ట్ హత్య కేసులో ఏయే వాదనలు చెల్లుతాయో, ఏవి చెల్లవో తన క్లయింటుకి విడమరిచి చెప్పే సీను మళ్ళీ చూడండి. ‘నువ్విలా చెప్పు’ అని ఎక్కడా అనడు. అయినా అవతలివాడు మెల్లగా దారిలోకొస్తాడు. కత్తెర వేస్తే ముందు పోయేది ఇలాంటివే.

ఇంకో చోట, కోర్టులో అప్పుడే వినబడిన ఓ మాటని లెక్కలోకి తీసుకోవద్దని జడ్జి జ్యూరీకి చెబుతాడు. విన్నది విననట్టు ఎలా ఉంటారని క్లయింటు అడిగితే, ఉండలేరని లాయరు చల్లగా ఒప్పుకుంటాడు. కోర్టు గురించి ఇంత నిజాయితీగా మాట్లాడిన సినిమాలు తక్కువ. జడ్జిగా వేసిన జోసెఫ్ వెల్చ్ నిజజీవితంలో లాయరే, కమ్యూనిస్టుల వేటకి పేరుపడ్డ అమెరికా సెనేటర్ మెకార్తీని 1954 విచారణల్లో ఎదిరించి పేరు మోగినాయన. మూల నవల రాసింది మిచిగన్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి. కోర్టు లోపలినుంచి తెలిసినవాళ్ళు ఉన్న తేడా తెరమీద తెలుస్తుంది.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. అత్యాచారం జరిగిందంటున్న క్లయింటు భార్యని బట్టల గురించి, తాగుడు గురించి గుచ్చిగుచ్చి అడగడం ప్రాసిక్యూటర్ ఎత్తుగడ అనుకుందాం. కానీ దర్శకుడు ప్రెమింజర్ కెమెరా కూడా ఆమెని కాస్త అదే చూపుతో చూస్తుంది. వ్యాసంలో దీని ఊసే లేదు.

జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎల్లింగ్టన్ ఇచ్చిన సంగీతానికి మాత్రం వంక పెట్టలేం.